తగ్గింది సరే, దేనివల్ల తగ్గింది?

మీ వీధిలోనో, మీ బంధువులలోనో పక్షవాతం వచ్చి, మళ్లీ లేచి తిరుగుతున్నవారు ఒకరైనా ఉంటారు. ఈసారి వారిని కలిసినప్పుడు, వారికి ఓపికగా ఉన్న సమయం చూసి ఒక చిన్న ప్రశ్న వేయండి. "తాతగారూ, మీకు దేనివల్ల తగ్గింది?" వచ్చిన జవాబును నోటుపుస్తకంలో రాసుకోండి. తరువాత మరొకరిని అడగండి. అదీ రాసుకోండి.

ఒకరు నూనె మర్దన వల్ల అంటారు. ఒకరు ఫలానా ఊరిలో పోసే ఆకు పసరు వల్ల అంటారు. పావురం నెత్తురు రుద్దించుకున్నామని చెప్పేవారు కూడా తగలవచ్చు. ఆసుపత్రిలో పెట్టిన సెలైను వల్ల అని ఒకరు, ఫిజియోథెరపిస్టు చేయించిన కసరత్తు వల్ల అని ఇంకొకరు, అవేమీ కాదు నా మొక్కు వల్ల అని తాతగారి పక్కనే కూర్చున్న మామ్మగారు చెబుతారు. వీరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరికి వారు తాము చేసినది చెబుతున్నారు, తరువాత జరిగినది చెబుతున్నారు. కాని "చేసిన తరువాత తగ్గింది" అనడం, "చేసినందువల్ల తగ్గింది" అనడం ఒకటేనా?

ఇది ఊసుపోక వేసే ప్రశ్న కాదు. ఇంటి పెద్దకు ఒక చేయి, ఒక కాలు పడిపోతే ఆ ఇంట్లో సంపాదన ఆగిపోతుంది, ఖర్చు మొదలవుతుంది. చేతిలో ఉన్నది కొద్ది డబ్బు. అంతకంటే విలువైనవి మొదటి కొద్ది నెలలు. వాటిని దేనిమీద వెచ్చించాలి? ఈ ప్రశ్నకు జవాబు కనిపెట్టడానికి వైద్యశాస్త్రజ్ఞులు పడిన పాట్లు, మధ్యలో తిన్న ఎదురుదెబ్బలు ఈ నెల మన పాఠం.

మెదడులో ఏమి జరుగుతుంది?

పక్షం అంటే ఒక వైపు. శరీరంలో ఒక వైపు మాత్రమే పడిపోతుంది కనుక పక్షవాతం అనే పేరు వచ్చింది. జబ్బు కాలిలోనూ లేదు, చేతిలోనూ లేదు. కండరాలు బాగానే ఉంటాయి, ఎముకలు బాగానే ఉంటాయి. వాటికి ఆజ్ఞలు పంపే మెదడులో ఒక భాగానికి రక్తం అందకుండా పోతుంది. ఎక్కువమందిలో రక్తనాళంలో గడ్డ అడ్డుపడి ఇలా జరుగుతుంది. కొందరిలో నాళం చిట్లి రక్తం మెదడులోకి కారుతుంది. చిట్లడానికి ముఖ్య కారణం ఏళ్ల తరబడి పట్టించుకోని రక్తపోటు.

మన మెదడు బరువు శరీరం బరువులో సుమారు 2 శాతం మాత్రమే. కాని మనం పీల్చే ఆక్సిజన్‌లో ఇంచుమించు 20 శాతం అదే వాడుకుంటుంది. దానికి నిలవ చేసుకునే అలవాటు లేదు. సరఫరా ఆగిందంటే ఆకలి వెంటనే మొదలవుతుంది. మెదడులోని ఒక పెద్ద నాళం మూసుకుపోయి చికిత్స అందకపోతే సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో లెక్క కట్టారు. మెదడు మొత్తంలో నాడీకణాలు సుమారు 8,600 కోట్లు ఉన్నాయి కదా అని ధైర్యం చెప్పుకోకండి. పోయేవి ఒకే చోట పోతాయి, ఆ చోటు మాటకు సంబంధించినదైతే మాట పోతుంది.

మెదడు ఎడమ సగం నుండి వచ్చే ఆజ్ఞల తీగలలో ఎక్కువ భాగం మెడుల్లా దగ్గర అటునుండి ఇటు దాటుకుని శరీరం కుడి వైపుకు వెళతాయి. అందువల్ల ఎడమ మెదడు దెబ్బతింటే కుడి చేయి, కుడి కాలు పడిపోతాయి. చాలామందిలో మాట కూడా ఎడమ సగంలోనే ఉంటుంది. కుడి వైపు పడిపోయినవారిలో కొందరికి మాట కూడా పోవడానికి కారణం ఇదే.

ఒక ముఖ్యమైన సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మరచిపోవద్దు. ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా మూతి ఒక పక్కకు లాగినా, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా 108కి ఫోను చేయండి. అది ఎన్ని గంటలకు మొదలైందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి. గడ్డను కరిగించే ఇంజెక్షను మామూలుగా మొదటి నాలుగున్నర గంటలలోనే ఇవ్వాలి. స్కానింగు తీసి చూడనిదే అది గడ్డో, రక్తస్రావమో తెలియదు. కనుక స్కానింగు ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. "కాస్త పడుకుంటే సర్దుకుంటుంది" అనేవారి మాట వినవద్దు.

కోడి, కుంపటి

చనిపోయిన నాడీకణాలు తిరిగి రావు. మరి కాలు మళ్లీ ఎలా కదులుతుంది? దెబ్బతిన్న చోటు చుట్టూ చావకుండా స్పృహ తప్పినట్లు ఉండిపోయిన కణాలు ఉంటాయి. వాపు తగ్గి, రక్తం అందేసరికి అవి కొన్ని రోజుల్లో, వారాల్లో తేరుకుంటాయి. ఇది ఒక కారణం. రెండవది ఇంకా చిత్రమైనది. తుఫానుకు వంతెన కొట్టుకుపోయిందనుకోండి. బస్సు ఆగిపోతుంది. కాని ఊళ్లవాళ్లు ఊరుకుంటారా? చేలగట్ల మీదుగా, పాత బండిబాట మీదుగా నడక మొదలుపెడతారు. మొదట గతుకులే. నడిచినకొద్దీ బాట తేలుతుంది. మెదడులో కూడా మిగిలిన నాడీకణాలు కొత్త సంబంధాలు కలుపుకుని, పోయినవాటి పనిలో కొంత తాము చేయడం నేర్చుకుంటాయి. నడవని బాట తేలదు. కసరత్తు అవసరం ఇక్కడే వస్తుంది.

ఈ తేరుకోవడంలో చాలా భాగం ఏ ప్రత్యేక వైద్యం చేసినా, చేయకపోయినా జరుగుతుంది. డెన్మార్క్ దేశపు రాజధాని కోపెన్‌హాగన్‌లో 1,197 మంది రోగులను మొదటి నుండి వరుసగా గమనించి 1995లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 95 శాతం మంది తమ రోజువారీ పనుల విషయంలో ఎంతవరకు కోలుకోగలరో అంతవరకు పన్నెండున్నర వారాలలోపే కోలుకున్నారు. 80 శాతం మందికైతే ఆరు వారాలే పట్టింది. మీ గ్రాఫు కాగితం మీద దీనిని గీయండి. అడ్డంగా వారాలు, నిలువుగా కోలుకున్నవారి శాతం. గీత మొదట నిటారుగా లేచి, తరువాత వంగి, బల్లపరుపుగా సాగుతుంది.

ఇప్పుడు ఆ గీత మీద రెండో వారం దగ్గర వేలు పెట్టండి. అక్కడ ఒకాయన నూనె మర్దన మొదలుపెట్టాడు. ఎనిమిదో వారానికి లేచి నడిచాడు. నూనె వల్ల అనుకున్నాడు. అదే చోట పసరు మొదలుపెట్టినా నడిచేవాడే. ఏమీ చేయకపోయినా బహుశా నడిచేవాడే. తన కోడి కూయకపోతే తెల్లవారదని, తన కుంపటి లేకపోతే ఊళ్లో పొయ్యి వెలగదని అనుకున్న ముసలమ్మ కథ మీకు తెలుసు కదా! ఆమె కోడిని, కుంపటిని చంకన పెట్టుకుని ఊరు విడిచి వెళ్లిపోయిన మరునాడు కూడా ఆ ఊళ్లో తెల్లవారింది. శాస్త్రజ్ఞులు చేసేదీ అదే. కోడి లేని ఊరును కూడా చూడాలంటారు.

ఇంకో చిక్కు ఉంది. మీరు వీధిలో అడిగినవారంతా తగ్గినవారే. అదే పసరు తాగి మంచం దిగనివారు, చనిపోయినవారు వీధిలో మీకు ఎదురుపడరు. అంతేకాదు, ఎక్కడో యాభై మైళ్ల దూరంలో ఉన్న ఊరికి జీపులో కూర్చుని వెళ్లగలిగినవారంటే అసలు జబ్బు కొంత తేలికగా వచ్చినవారే. స్పృహ లేనివారిని ఎవరూ తీసుకువెళ్లరు. కాబట్టి అక్కడికి వెళ్లినవారిలో ఎక్కువమంది కోలుకోవడంలో ఆ ఊరి గొప్ప ఏముంది?

చీటీ వేసి తేల్చడం

పోల్చాలి, సరే. ఎవరితో పోల్చాలి? "ఈ పదిమందికి కసరత్తు చేయించండి, ఈ పదిమందికి వద్దు" అని డాక్టరుగారినే ఎంపిక చేయమంటే, ఆయన ఎంత మంచివారైనా కాస్త ఓపిక ఉన్నవారినే కసరత్తుకు పంపుతారు. ఓపిక ఉన్నవారు ఎలాగూ త్వరగా లేస్తారు. అందుచేత ఎంపికను మనిషి చేతిలో పెట్టకూడదు. బొమ్మా బొరుసూ వేసి తేల్చాలి.

దీన్ని మీ తరగతిలో చేసి చూడవచ్చు. మా తొమ్మిదో తరగతివాళ్లతో ఒక శనివారం నేను చేయించాను. ఒక్కొక్కరూ వచ్చి రూపాయి బిళ్ల ఎగరవేయాలి. బొమ్మ పడితే కుడి వైపు, బొరుసు పడితే ఎడమ వైపు. అందరూ అయ్యాక రెండు వైపులా సగటు ఎత్తు లెక్క కట్టండి. కళ్లద్దాలు ఉన్నవారిని లెక్కపెట్టండి. సైకిలు మీద బడికి వచ్చేవారిని, ఇంట్లో అవ్వ ఉన్నవారిని లెక్కపెట్టండి. మీరు పంచకపోయినా అన్నీ రెండు వైపులా ఇంచుమించు సమానంగా పంచుకుపోయి ఉంటాయి. మీరు అడగని సంగతులు, అడగాలని తోచని సంగతులు కూడా అలాగే పంచుకుపోతాయి. బిళ్ల గొప్పతనం అదే. డాక్టరుకు తెలియని తేడాలను కూడా అది సరిచేస్తుంది.

అయితే ఒక షరతు. మనుషులు చాలినంతమంది ఉండాలి. నలుగురే ఉంటే నలుగురికీ ఒకే ముఖం పడే అవకాశం ఎనిమిదింట ఒకటి. ఇరవై మంది అయితే అది అయిదు లక్షలలో ఒకటి కూడా లేదు. ఎలాగో లెక్క వేసి చూడండి. ఈ లెక్కతో మనకు కాసేపట్లో మళ్లీ పని పడుతుంది.

చివరకు ఫలితం కొలిచేవారెవరు? కసరత్తు చేయించినవారే కొలిస్తే తమ కష్టం వృథా కాలేదనే చూస్తారు. అది మానవ స్వభావం. కనుక ఏ రోగి ఏ జట్టువాడో తెలియనివారు వచ్చి కొలుస్తారు. కొలబద్ద కూడా ముందే నిర్ణయమై ఉండాలి. ఎక్కువగా వాడే కొలబద్ద స్కాట్లాండ్‌లోని గ్లాస్గోకు చెందిన జాన్ రాంకిన్ అనే డాక్టరు 1957లో ప్రకటించినది, తరువాత కొంత మార్చినది. దానిలో 0 అంటే ఏ ఇబ్బందీ లేదు. 2 అంటే కొంత లోపమున్నా తన పనులు తాను చేసుకోగలడు. 5 అంటే మంచానికే పరిమితం. 6 అంటే మరణం. థర్మామీటరంత నాజూకైనది కాదు, కాని ఇంటివాళ్లకు కావలసిన సంగతిని అది సూటిగా చెబుతుంది.

ఇంకొక మాట. ఇలాంటి పరీక్షలో చేరేది ఎలుకలు కాదు, మనుషులు. అందుకని వారికి, వారు చెప్పలేకపోతే వారి ఇంటివారికి, అంతా వివరించి అనుమతి తీసుకున్న తరువాతే చీటీ వేస్తారు. మధ్యలో వద్దనుకుంటే మానుకునే హక్కు కూడా వారికి ఉంటుంది.

నార్వే నుండి ఆస్ట్రేలియాకు

నార్వే దేశంలో ట్రోన్‌హైమ్ అనే నగరం ఉంది. అక్కడి ఆసుపత్రిలో బెంట్ ఇండ్రెడావిక్, ఆయన తోటివారు 220 మంది పక్షవాత రోగులను చీటీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. 110 మందిని మామూలు వార్డులో ఉంచారు. 110 మందిని పక్షవాతం కోసమే ఏర్పరచిన వార్డులో ఉంచారు. రెండో వార్డులో డాక్టర్లు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు ఒక జట్టుగా పనిచేశారు. ఆరు వారాల తరువాత చూస్తే మామూలు వార్డువారిలో 32.7 శాతం మంది ఇంటికి చేరారు. ప్రత్యేక వార్డువారిలో 56.4 శాతం మంది చేరారు. మరణాలు అక్కడ 17.3 శాతం, ఇక్కడ 7.3 శాతం. 1991లో ఈ లెక్కలు వెలువడ్డాయి. ఇది కొత్త మందు సాధించిన విజయం కాదు, పని చేసే పద్ధతి మార్చినందువల్ల వచ్చిన ఫలితం. తరువాత ఇతర దేశాలలో జరిగిన పరీక్షలు కూడా ఈ వార్డుల మేలును బలపరిచాయి.

ఆ వార్డులో ఏది అసలు మేలు చేసింది? ట్రోన్‌హైమ్‌వారు రోగులను చాలా త్వరగా మంచం దించి కూర్చోబెట్టేవారు, నిలబెట్టేవారు. రహస్యం అదేనేమో అని చాలామందికి అనిపించింది. మనకూ అనిపిస్తుంది. మంచాన పడి ఉంటే ఊపిరితిత్తులలో నెమ్ము చేరుతుంది, కండలు కరుగుతాయి. త్వరగా లేపితే మంచిదే కదా!

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కు చెందిన జూలీ బెర్న్‌హార్ట్ అనే శాస్త్రజ్ఞురాలు "కదా!" అనుకుని ఊరుకోలేదు. 2006 నుండి 2014 వరకు, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, మలేషియా, సింగపూర్, బ్రిటన్ దేశాలలోని 56 ఆసుపత్రులలో 2,104 మంది రోగులతో ఆమె బృందం పరీక్ష జరిపింది. ఒక జట్టువారిని జబ్బు వచ్చిన 24 గంటలలోపే లేపడం మొదలుపెట్టి, రోజుకు అనేకసార్లు మంచం దించాలి. రెండో జట్టుకు ఆ ఆసుపత్రిలో మామూలుగా ఎలా చేస్తారో అలాగే. మొదటి జట్టువారు రోజుకు సుమారు 31 నిమిషాలు మంచం దిగి సాధన చేశారు, రెండో జట్టువారు 10 నిమిషాలు.

మూడు నెలల తరువాత జట్టు తెలియనివారు వచ్చి రాంకిన్ కొలబద్దతో కొలిచారు. 0 నుండి 2 వరకు వచ్చినవారు, అంటే తమ పనులు తాము చేసుకోగలవారు, మామూలు జట్టులో 50 శాతం. గట్టిగా, త్వరగా లేపిన జట్టులో 46 శాతం!

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఎనిమిదేళ్ల శ్రమ, అయిదు దేశాలు. కావాలనుకున్న జవాబు రాలేదు సరికదా, తిరగబడిన జవాబు వచ్చింది. 2015లో వారు దానిని ఉన్నది ఉన్నట్లు అచ్చు వేయించారు. నా దృష్టిలో ఈ పాఠంలో అన్నిటికంటే గొప్ప ఘట్టం ఇదే. తరువాత అదే లెక్కలను వారు ఇంకా లోతుగా పరిశీలించారు. ఒకేసారి ఎక్కువసేపు లేపి ఉంచడం కంటే కొద్దికొద్దిసేపు ఎక్కువసార్లు లేపడం మంచిదని తోచింది. అది తోచడమే. తేలాలంటే మళ్లీ చీటీలు వేసి చూడవలసిందే. త్వరగా లేపడం తప్పని దీని అర్థం కాదు. మామూలు జట్టులో కూడా సగానికి పైగా, 59 శాతం మంది, 24 గంటలలోపే లేచారు. మొదటి రోజునే మరీ తొందరపెట్టడంలో లాభం లేదని మాత్రమే తేలింది.

మాత్ర కథ

మనోవ్యాకులతకు వాడే ఫ్లూయోక్సెటిన్ అనే మాత్ర ఒకటి ఉంది. ఫ్రాన్స్‌లో 118 మంది పక్షవాత రోగులకు కసరత్తుతో పాటు సగంమందికి ఈ మాత్ర, సగంమందికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర మూడు నెలలు ఇచ్చి చూశారు. ఏది ఎవరికి వెళ్లిందో రోగికీ తెలియదు, కొలిచేవారికీ తెలియదు. మందు తిన్నవారిలో చేతి, కాలి కదలిక ఎక్కువ మెరుగుపడిందని 2011లో ప్రకటించారు. ఎంత సంతోషం! మందు చవక, ఎక్కడైనా దొరుకుతుంది. చాలామంది డాక్టర్లు ఆశపడ్డారు.

ఇందాకటి బిళ్ల లెక్క గుర్తుందా? 118 మంది కొంచెం తక్కువే. బ్రిటన్‌లో 103 ఆసుపత్రులు కలిసి 3,127 మందితో ఆరు నెలల పరీక్ష చేశాయి. 2019లో ఫలితం వచ్చింది. రోజువారీ పనులలో రెండు జట్లకూ తేడా లేదు. మనోవ్యాకులత మాత్రం మందు తిన్నవారిలో తక్కువగా, 13 శాతం మందికి వచ్చింది, తిననివారిలో 17 శాతం మందికి. కాని ఎముకలు విరగడం మందు తిన్నవారిలో దాదాపు రెట్టింపు, 1.5 శాతానికి బదులు 2.9 శాతం. 2020లో స్వీడన్‌లో 1,500 మందితో చేసిన పరీక్ష, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, వియత్నాంలలో 1,280 మందితో చేసిన పరీక్ష కూడా పనులు చేసుకునే శక్తి పెరగలేదనే చెప్పాయి. పక్షవాతం నుండి త్వరగా లేవడం కోసమని అందరికీ ఆ మాత్ర ఇవ్వాలన్న ఆలోచన అక్కడితో ఆగింది.

మంచి చేతికి తొడుగు

ఎదురుదెబ్బలే చెబితే మీకు నీరసం వస్తుంది. నెగ్గిన పరీక్ష ఒకటి చెబుతాను.

అమెరికాలో ఎడ్వర్డ్ టౌబ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కోతుల మీద ప్రయోగాలు చేశాడు. ఒక చేతి నుండి స్పర్శను తీసుకుపోయే నాడులను తెంచితే, కదిలించే నాడులు బాగానే ఉన్నా, కోతి ఆ చేతిని వాడడం మానేస్తుంది. మంచి చేతిని కొన్నాళ్లు కట్టివేస్తే గత్యంతరం లేక ఆ మూలపడిన చేతినే వాడడం మొదలుపెడుతుంది! మొదట ప్రయత్నించి విఫలమై, "ఈ చేయి పనికిరాదు" అని నేర్చుకుందన్నమాట. కోతులను ఇలా బాధించడం న్యాయమా అని 1981లో ఆయన మీద కేసు కూడా నడిచింది. అది పై కోర్టులో నిలవలేదు గాని, ఆ వాదం ఇప్పటికీ తీరలేదు. మీరూ తరగతిలో వాదించుకోండి.

మనుషులు కూడా ఇలాగే చేస్తారు. ఎడమ చేయి కొద్దిగా కదులుతున్నా, గ్లాసు కుడి చేత్తో అందుకుంటే పని త్వరగా అవుతుంది. అలా అలా ఎడమ చేయి ఒడిలో కూర్చుంటుంది. అమెరికాలోని ఏడు కేంద్రాలలో, అట్లాంటా నగరానికి చెందిన స్టీవెన్ వోల్ఫ్ నాయకత్వంలో, జబ్బు వచ్చి 3 నుండి 9 నెలలు గడిచిన 222 మందితో పరీక్ష చేశారు. అంటే కోపెన్‌హాగన్ గీత బల్లపరుపు అయిపోయిన తరువాత. 106 మంది రెండు వారాలపాటు మెలకువగా ఉన్న సమయంలో ఎక్కువ భాగం మంచి చేతికి మందపాటి తొడుగు తొడుక్కున్నారు. ఆ రెండు వారాలలో పది రోజులు, రోజుకు ఆరు గంటల వరకు బలహీనమైన చేతితో సాధన చేశారు. మిగిలిన 116 మందికి మామూలు పద్ధతే.

డబ్బా ఎత్తడం, పెన్సిలు తీయడం, తాళంచెవి తిప్పడం వంటి పనులకు ఎన్ని సెకన్లు పడుతుందో కొలిచారు. సంవత్సరం తరువాత తొడుగు జట్టువారి సమయం 19.3 సెకన్ల నుండి 9.3 సెకన్లకు తగ్గింది. రెండో జట్టువారిది 24 నుండి 17.7కు తగ్గింది. చూశారా, రెండో జట్టు కూడా మెరుగుపడింది! ఆ జట్టు లేకపోతే మెరుగుదల అంతా తొడుగు ఖాతాలోనే పడేది. తేడా ఎంతో అంతే తొడుగుది. 2006లో ఇది వెలువడింది. అయితే ఇది అందరికీ పనికిరాదు. మణికట్టు, వేళ్లు కొద్దిగానైనా పైకి లేపగలిగినవారినే ఈ పరీక్షలో చేర్చుకున్నారు. మంచి చేయి కట్టేస్తే మనిషి తూలి పడే ప్రమాదం కూడా ఉంటుంది. కాబట్టి ఫిజియోథెరపిస్టును అడగకుండా ఎవరూ తాతగారి చేయి కట్టవద్దు.

మన దేశంలో

మన దేశంలో ఫిజియోథెరపిస్టులు పెద్ద ఊళ్లలోనే ఎక్కువ. పల్లెలో ఉన్నవారికి వారానికి ఒకసారి రావడం కూడా కష్టం. కాని మన ఇళ్లలో కొడుకో, కోడలో, మనవరాలో ఉంటారు. వారికే నేర్పితే? మంచి ఆలోచన. లూథియానాలోని జయరాజ్ పాండియన్, ఆస్ట్రేలియాకు చెందిన రిచర్డ్ లిండ్లే, వారి సహచరులు దేశంలోని 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులతో దీనిని పరీక్షించారు. 2014 జనవరి నుండి 2016 ఫిబ్రవరి వరకు రోగులను చేర్చుకున్నారు. ఒక జట్టులో ఇంటి మనిషికి ఆసుపత్రిలోనే శిక్షణ మొదలుపెట్టారు. ఎలా పక్కకు తిప్పాలి, ఎలా కూర్చోబెట్టాలి, ఏ పని సాధన చేయించాలి అన్నీ నేర్పారు. ఇంటికి వెళ్లి కూడా రెండు నెలల వరకు చూశారు. రెండో జట్టుకు మామూలుగా అందే వైద్యం అందింది.

ఆరు నెలల తరువాత మరణించినవారు, ఇతరుల మీద ఆధారపడినవారు కలిపి ఒక జట్టులో 47 శాతం. రెండో జట్టులోనూ 47 శాతం. 2017లో ఈ ఫలితం అచ్చయింది.

ఇది చదివి మా పాఠశాల పిల్ల ఒకతె "అయితే మా అమ్మ నానమ్మకు రోజూ చేయించేది దండగేనా మాస్టారూ?" అని అడిగింది. కాదు. ఈ పరీక్ష కసరత్తును, కసరత్తు లేకపోవడాన్ని పోల్చలేదు. మామూలు వైద్యాన్ని, మామూలు వైద్యంతో పాటు ఇంటివారికిచ్చిన ఆ శిక్షణను పోల్చింది. మామూలు జట్టులోనివారిని కూడా వారి ఇంటివాళ్లు గాలికి వదిలేయలేదు కదా! పక్కకు తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి, మింగలేనివారికి పడుకోబెట్టి గంజి పోస్తే ఊపిరితిత్తులలోకి పోతుంది. ఇవన్నీ ఎవరో ఒకరు చూసుకోవలసిందే. ఆ పిల్ల తల్లి చేస్తున్నది అదే. ప్రభుత్వం డబ్బు పెట్టి ఇలాంటి శిక్షణను అదే రూపంలో దేశమంతటా నడిపితే కోలుకునేవారు పెరుగుతారా అన్నది పరీక్ష వేసిన ప్రశ్న. పెరగరని జవాబు వచ్చింది. అంత డబ్బు ఇంకెక్కడ పెట్టాలో వెతకడానికి అది దారి చూపింది.

ఇప్పుడు మీకు పని. ఒక గోడ మీద ఇలా రాసి ఉందనుకోండి: "మా తైలం వాడిన 100 మంది పక్షవాత రోగులలో 80 మంది మూడు నెలలలో లేచి నడిచారు." ఆ తైలం అమ్మేవారిని మీరు అడగవలసిన ప్రశ్నలు కనీసం నాలుగు రాయండి. కోపెన్‌హాగన్ గీతను పక్కన పెట్టుకుని రాయండి. తరువాత మీ నోటుపుస్తకంలో మొదట రాసుకున్న జవాబులు తీసి, తాతగారు వైద్యం ఏ వారంలో మొదలుపెట్టారో, ఏ వారంలో లేచారో అడిగి ఆ గీత మీద చుక్కలు పెట్టండి.